ఎవరి మీద ఎవరు ఆధారం?

‘నేను ఒకళ్ళ మీద ఆధారపడి బతకలేదండీ’ అని చెప్పుకునేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మెడ కాస్త నిటారుగా అవుతుంది. వినే మనం కూడా ‘ఆహా, ఎంత గొప్ప’ అనుకుంటాం. ఆధారపడటం చిన్నతనమనీ, పడకపోవటం పెద్దతనమనీ చిన్నప్పటినుంచీ మన బుర్రల్లోకి ఎక్కించేశారు మరి! ఆడవాళ్ళ సంగతయితే చెప్పనే అక్కర్లేదు. పెళ్ళికి ముందు తండ్రిగారి ఆఫీసు ఫారాల్లోనూ, పెళ్ళయ్యాక భర్తగారి ఆఫీసు ఫారాల్లోనూ మన పేరుకి ఎదురుగా ఒకటే మాట – ‘డిపెండెంట్’. వైద్యం ఖర్చుల కాగితం దగ్గర్నుంచి సెలవు ప్రయాణం కాగితం వరకూ అదే వరస.

ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని నాకు ఈమధ్యనే తెలిసింది. ఏ వేదాంత గ్రంథంలోనో కాదు, రైలాటలో.

రైలాటంటే పిల్లలు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని కూ అంటూ వీధంతా తిరిగే ఆట కాదు. కంప్యూటరులో రైలు నడిపే ఆట. మావారు రిటైరయ్యాక పట్టుకున్న కాలక్షేపం ఇదే. పేకాట కన్నా నయమే కదా అని నేనూ ఊరుకున్నాను. ఈ ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 2001లో మైక్రోసాఫ్టువాళ్ళు ‘ట్రెయిన్ సిమ్యులేటర్’ అని ఒకటి తెచ్చారు. ఇంగ్లండులోని కుజూ అనే సంస్థ దాన్ని తయారుచేసి ఇచ్చింది. అదే ఏడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి ఆరాన్ అనే సంస్థ ‘ట్రెయిన్జ్’ తెచ్చింది. మొదటిదాంట్లో ఆరు రైలు మార్గాలు ఇచ్చారు. ఆరు మార్గాలు ఎన్నాళ్ళు నడుపుతారండీ? అందుకని ఆడేవాళ్ళే కొత్తవి చేసుకోవటం మొదలుపెట్టారు. ఒకాయన ఇంజను చేస్తాడు, ఒకాయన స్టేషను చేస్తాడు, మరొకాయన ఉన్న ఉద్యోగం చూసుకుంటూనే రాత్రిళ్ళు కూర్చుని వంద మైళ్ళ మార్గం వేస్తాడు. చాలామంది పైసా పుచ్చుకోకుండా లోకానికి ఇచ్చేస్తారు. మన దేశపు అభిమానులు కూడా మన ఇంజన్లూ, పెరంబూరు ఫ్యాక్టరీ మోస్తరు పెట్టెలూ చేసి పెట్టారు. మావారికి వాటి మీద ప్రాణం.

అయితే మార్గం వేసిన మహానుభావుడు అందులో ప్రతి వస్తువూ తనే చేయడు. చెట్లు ఒకరు చేసినవి తెస్తాడు, సిగ్నలు ఇంకొకరిది, ప్లాట్‌ఫారం మీద బల్ల మరొకరిది. కాబట్టి ఆ మార్గం మనింట్లో నడవాలంటే ఈ వస్తువులన్నీ మన కంప్యూటరులోనూ ఉండాలి. వీటినే ‘డిపెండెన్సీలు’ అంటారు. అవి లేవనుకోండి, ‘మిస్సింగ్ డిపెండెన్సీస్’ అంటూ తెర మీద చాంతాడంత జాబితా వస్తుంది. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టు, ఇంజనూ ఉంటుంది, పట్టాలూ ఉంటాయి, బండి మాత్రం కదలదు. ట్రెయిన్జ్‌లో అయితే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. నంబరులో మొదటి భాగం చేసినవారిది, తరవాతి భాగం వస్తువుది. వస్తువే మన దగ్గర లేనప్పుడు దాని పేరు ఎలా తెలుస్తుంది? కాబట్టి ఉత్త నంబరే కనిపిస్తుంది. ఫలానా నంబరు మనిషి చేసిన ఫలానా నంబరు వస్తువు లేదు. అది చెట్టో, స్తంభమో, కంచో దేవుడికే తెలియాలి. మావారు కళ్ళజోడు సవరించుకుని ఆ నంబర్లు పట్టుకుని వెతుకుతూ ఉంటారు, తప్పిపోయిన పిల్లవాడి కోసం తిరణాలలో తిరిగినట్టు.

దొరక్కపోతే ఏమవుతుందన్నది ఆటను బట్టి ఉంటుంది. కొన్ని అక్కడే మొరాయిస్తాయి. ‘ఓపెన్ రెయిల్స్’ అని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు చేసిన ఉచితమైన ఆట ఒకటుంది. అది కాస్త పెద్దమనసు చేసుకుని, లేనివాటి సంగతి చిట్టాలో రాసుకుని బండిని నడిపించేస్తుంది. కానీ చూడటానికి ఏం బాగుంటుంది? కొండ బోడిగా ఉంటుంది. పట్టాలూ వంతెనా వేరువేరు వస్తువులుగా చేసినచోట వంతెన లేకపోతే, రైలు పుష్పకవిమానంలా గాలిలో పోతుంది! లేనిదాని బదులు ఉన్నదేదో పెట్టుకోవటం ఇంకో పద్ధతి. అప్పుడు ఎర్రటి ఎండ కాసే మన స్టేషను పక్కన మంచుదేశపు దేవదారు వృక్షం వెలుస్తుంది. చింతపండు లేదని టొమాటోలు వేస్తే కూర అవుతుంది గానీ పులుసు అవుతుందా?

ఇదంతా పక్కనుంచి చూస్తూ నేను గమనించినది ఒకటుంది. మావారి జాబితాల్లో ఇంజను తక్కిపోవటం అరుదు. ఇంజను మీద అందరికీ కన్నుంటుంది. తక్కువయ్యేవి గడ్డి దుబ్బులూ, దీపపు స్తంభాలూ, కంచెలూ. ఉన్నప్పుడు ఎవరూ చూడనివి. పెళ్ళింట్లో మేళతాళాలూ భోజనాలూ అందరూ చూస్తారు. ముహూర్తం వేళకి అక్షింతల్లోకి పసుపు లేకపోతే అప్పుడు పసుపు గుర్తుకొస్తుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ ఆట భాషలో ‘డిపెండెన్సీ’ అంటే ఆధారపడేది కాదు, ఆధారమైనది! గడ్డి దుబ్బు మార్గం మీద ఆధారపడలేదు, మార్గమే గడ్డి దుబ్బు మీద ఆధారపడింది. ఈ అర్థంలో మన ఇంటి ఫారాలు ఒకసారి మళ్ళీ నింపి చూడండి. జీతం తెచ్చేవారు ఇంజను, కాదనను. తొమ్మిదింటికి అన్నం, ఉతికిన చొక్కా, పిల్లవాడి పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, అత్తగారి బి.పి. మాత్ర – వీటి మీద కాదూ ఆ ఇంజను కదిలేది? ఫారంలో గడి పేరు సరిగ్గానే ఉందేమో గానీ, ఎవరిని ఎవరు మోస్తున్నారన్నది మాత్రం అందులో కనపడదు. అలాగని నేను మగవారి మీద ఫిర్యాదు చేయటం లేదు. ఆ చొక్కా నేసినవారూ, మాత్ర చేసినవారూ, ఫీజు కట్టించుకున్న గుమాస్తా లేకపోతే మన సామర్థ్యం మాత్రం ఏం ఏడ్చింది? ఎవరి వెనక వాళ్ళకి చాంతాడంత జాబితా ఉంది. ‘నేనెవరి మీదా ఆధారపడలేదు’ అన్నవారికి జాబితా లేక కాదు, దాన్ని ఎప్పుడూ విప్పి చూసుకోక.

కాబట్టి ఆధారపడటం చిన్నతనమా అన్న ప్రశ్న నా మటుకు తేలిపోయింది. తేలనిది దాని వెనకాలదే. ఆధారపడినవాడు ఏం బాకీ? ఆధారమైనవాడు ఏం బాకీ?

మొదటిదానికి జవాబు ఆ పాత ఆటలోనే దొరికింది. మైక్రోసాఫ్టువాళ్ళ చెట్టునో ఇంటినో పైవాళ్ళు పంచిపెట్టటానికి హక్కు లేదు. అందుకని మార్గాలు చేసినవాళ్ళు తమ పనితో పాటు ఒక చిన్న చిట్టా జతచేసేవారు. ‘మీరు కొన్న ఆటలో ఫలానా మార్గం ఉంది, అందులోంచి ఈ చెట్టు తెచ్చుకోండి, ఫలానా మార్గంలోంచి ఈ ఇల్లు తెచ్చుకోండి’ అన్న వరస. ఆ చిట్టా నొక్కితే కంప్యూటరు తనే వాటిని తెచ్చి సర్దుకుంటుంది. చూడటానికి నాలుగు ముక్కలే, కానీ అందులో ఎంత నిజాయితీ ఉందో చూడండి! ఇది నాది, ఇది నాది కాదు, నాది కానిది ఎక్కడుందో ఇదిగో అని చెప్పటం. అంతకుమించి ఏ కృతజ్ఞత కావాలి?

అలా చెప్పనివాళ్ళ వల్ల ఏమవుతుందో మనకి వంటింట్లో అనుభవమే. మా పెద్దత్తగారి పుస్తకంలో ఆవకాయ కొలతలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. ‘ఆ ఇత్తడి గిన్నెతో రెండు కారం, ఒకటిన్నర ఉప్పు.’ ఏ ఇత్తడి గిన్నె? ఆవిడా లేదు, గిన్నే లేదు. పుస్తకం మాత్రం పదిలంగా ఉంది. ఇదీ మిస్సింగ్ డిపెండెన్సీయే కదా!

ఇంతకన్నా పెద్ద లెక్కలూ ఉన్నాయి. మావారు రోజూ నడిపే మార్గం ఇంగ్లండులోని సెటిల్ నుంచి కార్లైల్ దాకా పోయేది, నిజమైన మార్గమే. 1876లో దాని మీద ప్రయాణికుల బళ్ళు మొదలయ్యాయి. దారిలో రిబిల్‌హెడ్ అని 24 కమానుల రాతి వంతెన ఉంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ కట్టడాల కోసం కూలీలు పెళ్ళాం పిల్లలతో సహా ఆ చలిలో గుడిసెలు వేసుకుని ఉన్నారు. ప్రమాదాల్లోనూ మశూచి లాంటి జబ్బుల్లోనూ ఎంతోమంది పోయారు. పక్కనున్న చాపెల్-లె-డేల్ అనే చిన్న ఊరి చర్చి ఆవరణలో వాళ్ళని పాతిపెట్టారు, తల్లులనీ పసివాళ్ళనీ కూడా. చాలా సమాధుల మీద పేరే లేదు. వంతెన మీద ఇవాళ్టికీ రైళ్ళు పోతున్నాయి. వాళ్ళకి నంబరైనా దక్కలేదు.

ఇక రెండో ప్రశ్న. ఆధారమైనవాడు ఏం బాకీ? ఈ ప్రశ్న మీద మా ఇంట్లో వారం రోజులు వాదన జరిగింది. ఎవరో ఒకాయన ఎన్నో ఏళ్ళ కిందట స్టేషను సామాను చేసి తన సొంత పేజీలో ఉచితంగా పెట్టాడట. ‘నా అనుమతి లేకుండా దీన్ని ఇంకెక్కడా పెట్టరాదు’ అని పక్కనే రాశాడట. ఎందరో తమ మార్గాల్లో ఆ సామాను వాడుకున్నారు. ఇప్పుడు ఆ పేజీ లేదు. ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఒక నకలు మావారి డిస్కులో ఉంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ‘మీ దగ్గరుంటే పంపండి బాబూ’ అని అడిగాడు. ఇవ్వచ్చా?

‘ఇస్తే ఎవరికి నష్టం?’ అంటారు మావారు. ‘ఆయన వద్దన్నాడు కదా, మాటంటే మాటే’ అంటాను నేను. నాకు ఆయన భయం అర్థమవుతుంది. రాత్రిళ్ళు కూర్చుని చేసినదాన్ని పైవాడు పేరు తుడిచేసి అమ్ముకుంటే కడుపు మండదూ? పైగా మనిషితో పాటు హక్కు పోదు. మన దేశపు చట్టంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. కానీ మావారి మాటలోనూ పస లేకపోలేదు. ఒకాయన తన పెరట్లో నుయ్యి తవ్వించి ఇరవై ఏళ్ళు వీధందరినీ తోడుకోనిచ్చాడు. ఆ నీళ్ళను నమ్ముకుని జనం ఇళ్ళు కట్టుకున్నారు. తరవాత తాళం వేసి ఊరు వెళ్ళిపోతే, నుయ్యి ఆయనదే, తాళమూ ఆయనదే, కానీ ధర్మం మాటేమిటి? ఇవ్వటం మొదలుపెట్టిన క్షణంలోనే తనకు తెలియకుండా ఒక బరువు నెత్తికెత్తుకున్నాడు కదా!

పెద్ద సంస్థలకూ ఇదే వర్తిస్తుంది. మైక్రోసాఫ్టువాళ్ళు 2009లో ఆ ఆటల విభాగాన్నే మూసేశారు. రెండో ఆట తెస్తామన్నది తేలేదు. మొదటి ఆట కొత్తది ఇప్పుడు అమ్మటం లేదు. అయినా ఎన్నో మార్గాలు నేటికీ ఆ ఆటతో వచ్చిన పట్టాల మీదే ఆధారపడి ఉన్నాయి.

వారం వాదించుకున్నాక ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. చేసినవారు బతికి ఉంటే అడగాలి. కాదంటే, ఎంత కష్టమైనా తలవంచి, మన చెట్టు మనం చేసుకోవాలి. ఆచూకీ తెలిసే దారి ఉన్నంతకాలం వెతకాలి. అందుకని మావారు ఆ అడిగినవాడికి సామాను పంపలేదు. చేసినాయన పేరూ, తనకు తెలిసిన పాత చిరునామా రాసి, ‘ఇద్దరం కలిసి వెతుకుదాం’ అన్నారు. ఇప్పుడు ఇద్దరూ వెతుకుతున్నారు. దొరక్కపోతే ఏం చేయాలన్నది మళ్ళీ మా ఇంటి వాదనే. నేను మాత్రం నా పట్టు ఇంకా వదల్లేదు.

అసలీ తగువంతా రాకుండా ఉండేది, ఆయన ఒక్క వాక్యం అదనంగా రాసి ఉంటే. ‘నా పేజీ లేని రోజున ఎవరైనా పంచుకోండి, నా పేరు మాత్రం ఉంచండి’ అని. వీలునామాలు పొలాలూ మేడలూ ఉన్నవాళ్ళకే అనుకుంటాం. కానీ మన మీద నలుగురు ఆధారపడినప్పుడు, మనం లేని రోజున వాళ్ళు ఎక్కడ వెతుక్కోవాలో చెప్పిపోవటం కూడా మన బాకీల్లో ఒకటని నాకిప్పుడు తోస్తోంది.

అందుకే ఒక నోట్‌బుక్కు కొన్నాను. గ్యాసు పుస్తకం ఎక్కడుందో, పాలవాడి లెక్క ఏ తేదీకో, బీరువా రెండో తాళంచెవి ఎక్కడ దాచానో రాస్తున్నాను. ఆవకాయ కొలతలు గ్రాముల్లో రాశాను. పైన ‘ఇది మా పెద్దత్తగారిది, కొలత మాత్రం నా అంచనా’ అని ఆవిడ పేరుతో సహా వేశాను. మా కోడలు చూసి, ‘ఇప్పుడెందుకత్తయ్యా ఇవన్నీ?’ అని కంగారుపడింది. భయం లేదమ్మాయ్, ఇది రైలాటలో భాగం అన్నాను.