తల మీద చెయ్యి

క్లినిక్‌ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం నిండా జాగ్రత్తలే ఉన్నాయి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. వంగకూడదు, బరువులెత్తకూడదు, ఎండలోకి పోకూడదు, హెల్మెట్‌ పెట్టకూడదు. తల మీదుగా తొడుక్కునే బనియన్లు వద్దు, గుండీల చొక్కాలే వేసుకోవాలి. అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో గీత గీసిన మాట ఇంకొకటి: పది రోజులపాటు తల ముందుభాగానికి చెయ్యి తగలకూడదు.

ఆ రాత్రి మూడు దిండ్లు పేర్చి, ప్రయాణాల్లో పెట్టుకునే దిండు మెడ చుట్టూ పెట్టుకుని, కూర్చున్నట్టూ కాక పడుకున్నట్టూ కాక ఉన్నాను. మనిషి చెయ్యి ఎన్నిసార్లు తల దగ్గరికి పోతుందో అప్పుడే తెలిసింది. ఆలోచన వస్తే పోతుంది, సిగ్గేస్తే పోతుంది, విసుగొస్తే పోతుంది, నిద్రలో ఊరికే పోతుంది. రెండుసార్లు నా చెయ్యి లేవడం చూసి మా ఆవిడ మెల్లగా కిందికి దించింది. మూడోసారి ఇక వదల్లేదు. తెల్లారేదాకా నా కుడిచెయ్యి ఆమె రెండు చేతుల మధ్యే ఉంది.

జుట్టు నాటించుకున్న సంగతి రాద్దామని కూర్చుంటే జుట్టు కంటే చేతులే ఎక్కువగా గుర్తుకొస్తున్నాయి నాకు.

ముందు జరిగింది చెబుతాను. నాకు నాటినవి 2,400 గ్రాఫ్టులు, అంటే అన్ని కుదుళ్లు. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. తల వెనకభాగం గొరిగి, మిల్లీమీటరు కంటే సన్నటి గొట్టంలాంటి పరికరంతో ఒక్కొక్క కుదురు చుట్టూ కోసి పైకి తీస్తారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. వాటిని చల్లటి సెలైన్‌లో ఉంచి, ముందుభాగంలో పెట్టిన సన్నటి గాట్లలో ఒకటొకటిగా దిగేస్తారు. తిమ్మిరెక్కే ఇంజెక్షన్ల వల్ల నొప్పి తెలియదు. కాని చర్మం తెగే సన్నటి చప్పుడు ఎముక లోపల వినబడుతుంది. ఆ చప్పుడు వింటున్నంతసేపూ నా తల ఎవరి చేతుల్లో ఉందన్న ఒక్క ఆలోచనే నడిచింది. శస్త్రచికిత్సలో తగిన శిక్షణ ఉన్న వైద్యులే ఈ పని చేయాలని జాతీయ వైద్య కమిషన్‌ 2022లో మార్గదర్శకాలిచ్చింది. కోసేదెవరు, నాటేదెవరు అని నేను ముందే అడిగి తెలుసుకున్నాను. ధర తక్కువని ఆ మాట అడక్కుండా ఎక్కడా కూర్చోవద్దని నన్నడిగిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

వెనక జుట్టునే ఎందుకు తీస్తారు? డైహైడ్రోటెస్టోస్టిరాన్‌ అనే హార్మోను ముందుభాగంలోనూ నడినెత్తినా ఉన్న కుదుళ్లను ఏటికేడాదీ చిన్నవిగా చేసేస్తుంది. వెనకా పక్కలా ఉన్నవి దానికంత తేలిగ్గా లొంగవు. జపాన్‌లో షోజి ఒకుడా అనే వైద్యుడు కాలిన మచ్చల మీద జుట్టు నాటి 1939లో ఆ వివరాలు ప్రచురించారు. యుద్ధం వచ్చిపడి ఆ పని బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. న్యూయార్క్‌లో నార్మన్‌ ఓరెంట్రైక్‌ 1952లో బట్టతలకు ఈ చికిత్స చేసి, 1959లో ప్రచురించిన పత్రంలో ఒక సంగతి స్థిరపరిచారు. కుదురును ఎక్కడికి మార్చి నాటినా అది పుట్టినచోటి గుణాన్నే నిలుపుకుంటుందట. ఇది మొదటిసారి చదివిన రోజున కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. గోదావరి ఒడ్డు వదిలి హైదరాబాద్‌ వచ్చి పదిహేనేళ్లయింది నాకు. కోపమొచ్చినా కల వచ్చినా నోట ఇంకా మా ఊరి మాటే వస్తుంది.

మూడో రోజున అమ్మ దిగింది. తనకు చెప్పకుండా చేయించుకున్నానని కోపం. గుమ్మంలో నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెత్తిలోకి ఎక్కించిన మందునీళ్లు కిందికి దిగి, నుదురు ఉబ్బి, కనురెప్పలు సగం మూసుకుపోయిన రోజు అది. రెండు మూడు రోజుల్లో తగ్గే వాపేనని డాక్టరుగారు చెప్పారన్నాను. అమ్మ చూస్తున్నది వాపును కాదు.

"మీ నాన్న పోయినప్పుడు ఇచ్చావు, తప్పదు. వెంకన్నకిచ్చావు, మొక్కు. ఇప్పుడు ఎవరికిచ్చావురా ఇది?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ సరైన జవాబు దొరికిందని చెప్పలేను. కాని ఆ ప్రశ్న నన్ను ఆరేళ్ల వెనక్కి తీసుకుపోయింది. నాన్న పోయిన పదో రోజున గోదావరి రేవులో తల గొరిగించుకున్నాను. తర్వాత ఇంటికి వచ్చినవాళ్లలో మేనత్తలు, పిన్నులు, ఊళ్లో పెద్దవాళ్లు ఎంతమంది నా గుండు నిమిరారో! నేను ఒక్కసారి కూడా తల తప్పించలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఎవరి చేతినీ నా తల దాకా రానివ్వని నేనే ఆ పదిహేను రోజులూ అందరికీ తల ఒగ్గాను. ఇచ్చిన జుట్టుకు సిగ్గు ఉండదు. నాకు తెలియకుండా, నన్నడగకుండా రోజుకింత పోయిన జుట్టుకే సిగ్గంతా. గుండు చేయించుకున్న తల, బట్టతల పైకి చూడ్డానికి ఇంచుమించు ఒకటే. ఒకటి నేను ఇష్టపడి ఇచ్చింది, రెండోది నా చేతుల్లోంచి జారిపోయింది. ఆ తేడా మనసులో ఉన్నదే తప్ప నెత్తి మీద లేదు. నెల తిరిగి పక్కలా వెనకా మొలిచి, ముందు మాత్రం పలచగా మిగిలేసరికి మళ్లీ అందరికీ దూరంగా జరిగిపోయాను.

ఇరవై ఆరో ఏట మొదలైంది ఈ దూరం. మా ఊరి మంగలి పని అయ్యాక తల మర్దన చేసి, చివర రెండు అరచేతులూ జోడించి నెత్తి మీద టపటపమని కొట్టేవాడు. ఆ సుఖం కోసమే చిన్నప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక సెలూన్‌లో ఎవరో "సార్‌, పైన బాగా పోతోంది" అన్న రోజున ట్రిమ్మర్‌ కొనుక్కుని ఇంట్లోనే కత్తిరించుకోవడం మొదలుపెట్టాను. భోగినాడు అమ్మ నూనెగిన్నె పట్టుకుని వస్తే నేనే పెట్టుకుంటానన్నాను. నాన్న కాళ్లకు దండం పెట్టి, ఆయన చెయ్యి లేచేలోపు లేచి నిలబడేవాణ్ణి. పాపం, కొన్నాళ్లకి ఆయన భుజం తట్టడానికి అలవాటు పడిపోయారు. నాన్న చెయ్యి నా తల మీద చివరిసారి ఎప్పుడు ఆనిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఈ వారాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది కుట్టే నెత్తి కాదు, ఇది.

పెళ్లిలో జీలకర్ర బెల్లం ఘట్టం నుంచి మాత్రం తప్పించుకోలేకపోయాను. అడ్డుతెర అవతల నుంచి ఆమె చెయ్యి వచ్చి సరిగ్గా నడినెత్తిన, పలచబడిన చోటే ఆనింది. ఆ శుభ ముహూర్తంలో నేను దేవుణ్ణి తలచుకోలేదు, ఆమెను తలచుకోలేదు. ఆ వేళ్లకు ఏం తెలుస్తోందో అని బిగుసుకుపోయి కూర్చున్నాను. ఈ సంగతి పదేళ్లపాటు ఆమెకు చెప్పలేదు. మొన్న అర్ధరాత్రి, ఆమె అలారం పెట్టుకుని లేచి నా నెత్తి మీద సెలైన్‌ చల్లుతుంటే చెప్పాను. ఆమె సీసా దించి నా మొహంలోకి చూసింది.

"నాకు మీ తల గుర్తే లేదండీ. నా చెయ్యి వణుకుతోందని మీకు తెలిసిపోతుందేమోనని ఒకటే భయం."

తన నెత్తిని తాను చూసుకోవడం ఎవరివల్లా కాదు. దాని సంగతి అద్దమైనా చెప్పాలి, ఇంకొకరి చెయ్యైనా చెప్పాలి. పదేళ్లకు పైగా నేను అద్దం మాటే విన్నాను. చెయ్యి ఏమంటుందో విననే లేదు.

క్లినిక్‌లో మొదటిసారి కడిగి చూపించాక, ఇంట్లో కడిగే పని అమ్మ తీసుకుంది. షవర్‌ కింద నిలబడకూడదు, చెంబుతో మెల్లగా జారేట్టు పోయాలి. పసిపిల్లల షాంపూ నురగ చేసి అద్దాలి, రుద్దకూడదు. చిన్నప్పుడు అమ్మ తలంటితే కుంకుడు రసం కళ్లలో పడి, ఆ గట్టి చేతుల కింద మెడ ఊగిపోయి, వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చేవాణ్ణి. ఆ చేతులే ఇప్పుడు పసిబిడ్డ మాడు మీద ఆముదం పెట్టినట్టు నురగ అద్దుతున్నాయి. గాట్ల మీద కట్టిన చెక్కులు నాని, రెండోవారంలో ఒక్కొక్కటే ఊడొచ్చాయి. కింద చర్మం గులాబీరంగులో ఉంది. వెనకభాగం ఇంకా మొద్దుబారే ఉంది. అక్కడ వేలు పెడితే వేలికి తల తెలుస్తుంది, తలకు వేలు తెలియదు.

ఒక మధ్యాహ్నం అమ్మ తనంతట తానే నీలాదేవి కథ ఎత్తుకుంది. పుట్టలో ఉన్న స్వామి తలకు పశువుల కాపరి గొడ్డలి తగిలి, అక్కడ జుట్టు పోయిందనీ, అది చూసి నీలాదేవి తన కురులు కొన్ని తీసి స్వామి తలకు అతికిందనీ, తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడనీ జనం చెప్పుకునే కథ. తిరుమల కొండల్లో నీలాద్రికి ఆ పేరు ఆమెవల్లే వచ్చిందంటారు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కల్యాణకట్టలో గుండు చేయించుకుని ఎన్నిసార్లు దిగొచ్చానో! స్వామి కూడా ఒకరి చేతికి తల వంచాడని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. కథ అయ్యాక అమ్మ నా గుండు మాట మళ్లీ ఎత్తలేదు.

మూడోవారంలో నాటిన వెంట్రుకలు రాలడం మొదలైంది. ఇది జరుగుతుందని ముందే చెప్పారు. మామూలుగా ఒక వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, మూడు నెలలు పడుకుని, రాలిపోతుంది. నాటిన దెబ్బకు అన్నీ ఒకేసారి ఆ నిద్రలోకి పోతాయి. పైన కనబడే పోగు రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది, మూడో నెలో నాలుగో నెలో మళ్లీ మొలుస్తుంది, నిండుగా కనబడటానికి ఏడాది పడుతుంది. ఇంత తెలిసీ, తెల్ల దిండుగలీబు మీద పొద్దున్నే వాటిని చూసేసరికి ఇరవై ఆరో ఏటి గుబులు అలాగే లేచింది. తెలివికి తెలిసినది గుండెకు చేరడానికి వేరే దారి ఉంది కాబోలు.

"ఊడ్చిన చేను చూళ్లేదట్రా! వారం పది రోజులు ఎర్రబడి చచ్చిపోయినట్టే ఉంటాది. తరవాత తిరుక్కోదూ?" అంది అమ్మ.

పోలిక పూర్తిగా కుదరదు. చేను పదిరోజుల్లో తేరుకుని కంటికి పచ్చగా కనబడుతుంది. నాకు మూడు నెలలపాటు చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అయినా దిండుగలీబు దులిపి, ఆ పోగుల్ని లెక్కపెట్టడం ఆ రోజుతో మానేశాను.

చేయించుకున్నందుకు పశ్చాత్తాపం లేదు. జుట్టు కావాలనుకోవడం చిన్న కోరిక అని కూడా అనుకోను. ఏడాది తర్వాత అది నిండుగా వస్తే సంతోషిస్తాను. బట్టతలను దాచుకునేందుకు పోగొట్టుకున్నవి మాత్రం ఏ వెనకభాగం నుంచీ తీసి నాటడానికి వీలు కాదు. నాన్న లేరు. అమ్మ ఉంది.

ఐదోవారంలో అమ్మ ఊరికి బయలుదేరింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కించడానికి సికింద్రాబాద్‌ స్టేషన్‌కి వెళ్లాను. సామాను సర్ది, టోపీ తీసి, కిటికీ పక్క సీటు ముందు వంగి కాళ్లకు దండం పెట్టాను. అప్పటికి నాటినవి చాలావరకు రాలిపోయి, నా తల మునుపటికంటే పలచగానే ఉంది. అమ్మ చెయ్యి అలవాటు ప్రకారం నా భుజం మీదికి వచ్చి ఆగింది. నేను లేవలేదు.

"ముట్టుకోవచ్చా?" అంది.

"డాక్టరుగారు పది రోజులే అన్నారమ్మా."

బండి కూత వేసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.