కాడగా నిలుచువారెవరు?

ధ్యానభాగము: యోహాను 12:20–26



విత్తు నశింపక పంట లేదని మన ప్రభువు గోధుమగింజను చూపి బోధించెను. నేలను నమ్మి బ్రదుకు మనకు ఈ మాట వివరింపనక్కరలేదు. అయితే సృష్టికర్త ఈ పాఠమునే మిక్కిలి చిన్న జీవియందును, మిక్కిలి పెద్ద జీవియందును ఉంచెను. ఈ నెల ఆ రెంటిని ధ్యానింతము.

అడవులలో, రాలిన ఆకుల క్రింది మట్టిలో, జిగురు బూజు అను జీవులు కలవు. వాటిలో డిక్టియోస్టీలియం అను ఒక జాతిని 1935లో కెన్నెత్ రేపర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఇందులో ఒక్కొక్క జీవి ఒకే కణము. వట్టి కంటికి కనబడదు. ఆహారమున్నంతకాలము దేని దారి దానిదే. ఆహారము తరుగగానే అవి పిలుచుకొన్నట్లు ఒక రసాయనమును విడుచుచు, వేలకొలది, ఒక్కొక్కప్పుడు లక్ష వరకు, ఒక్కచోట కూడి, ఒకే దేహమై ప్రాకును. పిమ్మట వాటిలో సుమారు అయిదవ వంతు సన్నని కాడగా నిలిచి చచ్చును. మిగిలినవి ఆ కాడ కొనకెక్కి, విత్తనములవంటివై, క్రొత్తచోట బ్రదుకును.

ఇక నీలి తిమింగలమును చూడుడి. నేడు జీవించు జంతువులలో ఇదియే పెద్దది; 30 మీటర్ల వరకు పెరుగును. పెద్ద తిమింగలము చచ్చి సముద్రములో మునిగినప్పుడు దాని కళేబరము అడుగుననున్న జీవులను పదుల సంవత్సరములు పోషింపగలదు. 1987లో కాలిఫోర్నియా తీరమునకు ఆవల, 1,200 మీటర్లకు పైబడిన లోతున, అట్టి అస్థిపంజరమొకటి శాస్త్రజ్ఞులకు కనబడెను. వెలుగు చొరని ఆ చోట ఎముకలనాశ్రయించి అనేక జీవులు బ్రదుకుచుండెను.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. వానలు లేని యేట మనము కూడుకొనుటకు మారుగా విడిపోదుము. అప్పు తీరలేదని ఒక యింటివారు మరియొక యింటి గడప త్రొక్కరు. కొనకెక్కుటకు అందరికి ఇష్టమే; కాడగా నిలుచువారెవరు? కలిగినవారు, “మేము పోయిన తరువాత సంఘమునకే” అందురు. తిమింగలము చచ్చిన తరువాతనే యిచ్చును. మనము బ్రదికియుండగానే యియ్యవచ్చును గదా!

ఒక సంగతి మరువకుడి. ఆ బూజు ప్రేమించి చావలేదు. ఆ తిమింగలము కోరి యియ్యలేదు. మన ప్రభువైతే ఎరిగి, ఇష్టపడి, తన ప్రాణము పెట్టెను. గనుక మనమును ఎరిగియే యియ్యవలెను. ప్రతిసారి అదే విధవరాలు, అదే కూలివాడు కాడ కావలెనని కాదు. బలవంతులు ముందుగా భుజము పెట్టవలెను.

ఈ నెల మీ పల్లెలో ఒంటిగానున్న యొక యింటికి వెళ్లుడి. కలిసి ప్రార్థించుడి. కలిగినవారు గింజలు కొలిచి పంచుడి. లేనివారు పిడికెడు బియ్యమైనను తీసి పెట్టుడి. చిన్నదని దేవుడు దేనిని త్రోసివేయడు.

ప్రభువు కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.