సరదా హత్యకథలో పాపం, శిక్ష

సరదాగా సాగే హత్యానవలలో మొదట శవం దొరుకుతుంది, చివర హంతకుడు దొరుకుతాడు. నడుమ ఉండేవన్నీ టీ విందులు, ఇరుగుపొరుగు కబుర్లు, ఎవరు ఏ వేళకు ఎటు పోయారన్న లెక్కలు. కూపీ లాగేది పోలీసు కాదు; ఓ ముసలావిడో, చర్చి ఫాదరో, తీరిక దండిగా ఉన్న జమీందారు బిడ్డో. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఇంగ్లండులో ఈ రకం నవల బాగా పండింది. నరహత్య మహాపాపమని నమ్మే సమాజం దాన్నే నిద్రకు ముందు కాలక్షేపంగా ఎలా చేసుకోగలిగింది? అది మనసు మొద్దుబారడమా, లేక ఆ వినోదం లోపల ధర్మవిచారం ఏదైనా ఉందా? రాసినవాళ్లలోనే మతచింతన గలవాళ్లు ఉండటం వల్ల ఈ ప్రశ్నను కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. కాథలిక్ ఫాదరైన డిటెక్టివ్ ఫాదర్ బ్రౌన్‌ను సృష్టించిన జి. కె. చెస్టర్టన్ 1922లో కాథలిక్ మతం స్వీకరించారు. డిటెక్టివ్ కథకు 1929లో పది నియమాలు పెట్టిన రోనాల్డ్ నాక్స్ స్వయంగా కాథలిక్ ఫాదర్. డొరొతీ సేయర్స్ క్రైస్తవ సిద్ధాంతం మీద పుస్తకాలు రాశారు.

దీనికి పేరుపడ్డ జవాబు కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ ఇచ్చారు. పొగాకులా, మద్యంలా ఈ కథలు తనకు వ్యసనమని ఒప్పుకుంటూ 1948లో హార్పర్స్ పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. ఆయన లెక్కలో పాఠకుణ్ణి పట్టి చదివించేది పాపభీతి. కథలోని పల్లె ఏదెను తోటలాంటిది. హత్య జరగగానే అందులో ప్రతివాడూ అనుమానితుడవుతాడు. హంతకుడు బయటపడగానే మిగతా అందరూ నిర్దోషులై పోగొట్టుకున్న తోటలోకి తిరిగి వస్తారు. వాళ్లతోపాటు పాఠకుడూ కాసేపు కడిగిన ముత్యమవుతాడు. పాఠకుడి మనసు గురించి ఈ మాట నిజమే. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. తప్పంతా ఒక్కడి నెత్తిన పెట్టి వాణ్ణి ఊరు దాటిస్తే మిగిలినవాళ్లు పుణ్యాత్ములైపోతారనే ఊరట, బలిపశువును తరిమేవాళ్లకూ దొరుకుతుంది. మంచి హత్యానవల ఆ ఊరటను అంత తేలిగ్గా ఇవ్వదు.

అగాథా క్రిస్టీ 1930లో ప్రచురించిన ‘ద మర్డర్ ఎట్ ద వికారేజ్’ దీనికి చక్కని ఉదాహరణ. నేరాల కూపీ లాగే ముసలావిడ మిస్ మార్పుల్ కనిపించే మొదటి నవల ఇది. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో చర్చి పాదిరి మధ్యాహ్న భోజనానికి కూర్చుని, కత్తికి లొంగని గొడ్డుమాంసంతో కుస్తీ పడుతుంటాడు. కర్నల్ ప్రొథెరో ప్రస్తావన వస్తుంది. ఆ పెద్దమనిషిని ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టేనని పాదిరి నోరు జారతాడు. రేపు ముసలాయన రక్తపు మడుగులో దొరికితే ఈ మాట మీ మెడకు చుట్టుకుంటుందని మేనల్లుడు ఆట పట్టిస్తాడు. నవల ఈ నవ్వుతోనే మొదలవుతుంది. మర్నాడే కర్నల్ ఆ పాదిరి చదువుకునే గదిలోనే, ఆయన రాతబల్ల దగ్గరే, తుపాకీ దెబ్బకు చచ్చి పడి ఉంటాడు.

చచ్చినవాడు ఎవరికీ ఇష్టంలేని మనిషి కావడం ఈ రకం నవలల్లో మామూలే. ప్రొథెరో ఊరి మేజిస్ట్రేటు, చర్చి పెత్తందారు, దయాదాక్షిణ్యాలు ఎరగనివాడు. వాడి కోసం పాఠకుడు కన్నీరు పెట్టక్కర్లేదు కాబట్టే కథ తేలిగ్గా నడుస్తుంది. అయితే ఇష్టంలేనివాడి ప్రాణానికి విలువ తక్కువా? పాదిరి నోట ఆ మాట పెట్టడంలో క్రిస్టీ నేర్పు ఉంది. చంపకూడదని ప్రతి ఆదివారం చెప్పవలసినవాడే ఒక చావును మాటవరసకు కోరుకున్నాడు. చంపినవాడికీ అలా కోరుకున్నవాళ్లకూ తేడా ఉంది, చాలా ఉంది. అయినా రెండూ బొత్తిగా సంబంధంలేని ఊళ్లు కావు. ఊళ్లో ఎవరేం చేస్తున్నదీ తోటలోంచి కనిపెడుతూ, మనుషులు చెడు తలపెట్టగలరనే అంచనాతోనే మొదలుపెట్టే మార్పుల్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆమెది దుష్టబుద్ధి కాదు. మనిషి స్వభావం అన్నిచోట్లా ఒకటేనని, పనిపిల్ల చిన్న అబద్ధంలో కనిపించే గుణమే పెద్ద నేరంలోనూ కనిపిస్తుందని ఆమె నమ్మకం.

ఈ నవలలోనే అసలైన తాత్త్విక వాదం ఒకటి నడుస్తుంది. నేరం జబ్బులాంటిదని, మనుషుల్ని ఉరితీసిన కాలాన్ని తలుచుకుని రాబోయే తరాలు సిగ్గుపడతాయని ఊరి డాక్టరు హేడాక్ అంటాడు. ఆ మాటకు బలమిచ్చే మనిషి కథలోనే ఉన్నాడు. చర్చి కానుకల డబ్బు కాజేసిన సహాయ పాదిరి హాస్‌కు ఇదివరకు మెదడువాపు జబ్బు చేసింది. అది మనిషి నడతనే మార్చెయ్యగలదు. మరి హాస్ దొంగా, రోగా? అసలు హంతకుడు నేరాన్ని ఈ హాస్ మీదికే నెట్టి, అతనికి మందు మోతాదు మించి ఇచ్చి చంపబోయాడని తేలుతుంది. అప్పుడు డాక్టరుకు సిద్ధాంతం గుర్తురాదు, అలాంటివాడు బతకతగడని మండిపడతాడు. క్రిస్టీ ఎవరు గెలిచారో తేల్చలేదు, తేల్చకపోవడమే సరైన పని. జబ్బు వాదం దయను నేర్పుతుంది కానీ మనిషి చేతిలోంచి తన పనిని లాగేసుకుంటుంది. పాపం అన్న మాట మనిషిని కర్తగా నిలబెడుతుంది కానీ ఉరికంబానికి దారి చూపడం దానికి మరీ సులువు. తానే కర్తనని మనిషి ఒప్పుకునే వీలు ఉంచుతూనే వాణ్ణి చంపకుండా ఉండే దారి ఉందా?

చెస్టర్టన్ కథల్లో ఆ దారి ఉంది. ఫాదర్ బ్రౌన్ మొదటి కథ 1910లో వచ్చింది. 1927 నాటి ‘ద సీక్రెట్ ఆఫ్ ఫాదర్ బ్రౌన్’లో తన గుట్టు ఆయనే విప్పుతాడు: ప్రతి హత్యనూ తన లోపల తానే చేసి చూస్తాడు. తాను అలాంటివాణ్ణి కానని దూరంగా నిలబడి చూసేవాడికి హంతకుడు దొరకడు. ఏదెను తోటలోకి తిరిగి రావడం కాదిది, తోట బయటే అందరం ఉన్నామన్న ఒప్పుకోలు. ‘ద హామర్ ఆఫ్ గాడ్’ కథలో విల్ఫ్రెడ్ బోహన్ అనే సహాయ పాదిరి దుర్మార్గుడైన సొంత అన్నను చర్చి గోపురం మీదినుంచి సుత్తి జారవిడిచి చంపుతాడు. అంత ఎత్తు నుంచి చూస్తే మనుషులు పురుగుల్లా కనిపించారు. తానే దేవుణ్ణన్న భ్రమ కమ్మింది. బ్రౌన్ ఆ గోపురం మీదే నిజం చెప్పగానే విల్ఫ్రెడ్ కిందికి దూకబోతాడు. బ్రౌన్ వాణ్ణి పట్టి ఆపి, ఈ సంగతి తాను ఎవరికీ చెప్పనని, ఏం చెయ్యాలో తేల్చుకోవలసింది నీవేనని అంటాడు. విల్ఫ్రెడ్ దిగివెళ్లి పోలీసు ఇన్‌స్పెక్టరు ముందు నేరం ఒప్పుకుంటాడు. పోలీసు అయితే ఇలా వదలలేడు; చట్టం ఒప్పుకోదు. అధికారం లేని మనిషి కాబట్టే బ్రౌన్‌కు నిజాన్ని శిక్ష నుంచి విడదీసి చూపడం కుదిరింది. ఔత్సాహిక డిటెక్టివ్ ఈ సాహిత్యానికి చేసిన పెద్ద మేలు ఇదే.

కర్మసిద్ధాంతం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇక్కడ మరో సందేహం రావచ్చు. చేసిన కర్మ ఎలాగూ అనుభవించక తప్పనప్పుడు డిటెక్టివ్ దేనికి? నిర్దోషుల కోసం. క్రిస్టీ 1958 నాటి ‘ఆర్డీల్ బై ఇన్నొసెన్స్’లో పెంపుడు తల్లిని చంపాడని శిక్షపడి జైల్లో చనిపోయిన జాకో నిర్దోషి అని చెప్పడానికి కాల్గరీ అనే శాస్త్రవేత్త ఆ ఇంటికి వస్తాడు. ఇంట్లోవాళ్లు సంతోషించరు, బెదిరిపోతారు. జాకో కాకపోతే చంపింది తమలోనే ఒకరు కదా! ఆ క్షణం నుంచి ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. కర్మఫలం ఎప్పుడో వస్తుంది. అనుమానం ఇవాళే ఇంటిని తినేస్తుంది.

ఇక మిగిలింది ఉరి. ఈ నవలలు చాలావరకు హంతకుడు దొరికిన చోటే ముగుస్తాయి, తర్వాత జరిగేది పాఠకుడి కంటపడదు. బ్రిటన్‌లో హత్యకు ఉరిశిక్ష నిలిచిపోయింది 1965లో. అంతకు ముందు కథల్లో దొరికిన హంతకుడి ముందున్నది ఉరితాడే. దాన్ని దాచకుండా రాసినవారు సేయర్స్. 1937లో వచ్చిన ‘బస్‌మన్స్ హనీమూన్’ కొత్త దంపతుల సరసంతో, చలాకీ మాటలతో నడుస్తుంది. హంతకుణ్ణి పట్టిన కొత్త పెళ్లికొడుకు, డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ వాడి తరఫున వాదించడానికి పేరున్న లాయరును తానే కుదుర్చుతాడు. జైలుకు వెళ్లి కలుస్తాడు; వాడు క్షమించడు. ఉరితీసే రోజు తెల్లవారేదాకా నిద్రలేక, గడియారం ఎనిమిది కొట్టే వేళకు భార్య ఒడిలో తల పెట్టి ఏడుస్తాడు. అంతసేపూ నవ్వించిన నవల ఆ నవ్వుకు పడ్డ వెలను లెక్కగట్టి చెల్లించింది, ఈ రకం పుస్తకాల్లో ఇంత నిజాయితీగల ముగింపు అరుదు. సేయర్స్ పూర్తిచేసిన విమ్సీ నవలల్లో ఇదే ఆఖరిది. ఆ తర్వాత ఆవిడ మతనాటకాలు, క్రైస్తవ వ్యాసాలు రాస్తూ డాంటే కావ్యాన్ని ఇంగ్లీషులోకి అనువదించే పనికి పూనుకున్నారు.