రెప్ప వేసే తీరిక

ఎవరినైనా అపురూపంగా చూసుకుంటుంటే "కంటికి రెప్పలా కాపాడుతున్నారు" అంటాం. ఈ పోలికలో కాపలా కాసేది రెప్ప. దాని పని దుమ్మును ఆపడంతో అయిపోదు. పడిన ప్రతిసారీ కంటిమీద కన్నీటిని పలచటి పొరలా పరిచి వెళ్తుంది. ఆ పొర ఆరిపోయేలోపు మళ్ళీ రావాలి. 1993లో జపాన్ వైద్యులు త్సుబోత, నకమోరి లెక్కపెట్టి చూశారు. ఊరికే కూర్చున్నవాళ్ళు నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేస్తే, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర ముందు 7 సార్లు. మనం పనిలో కూర్చోగానే కాపలావాడు మూడింట రెండొంతులు సెలవు పెట్టేస్తున్నాడన్నమాట.

రెప్పపాటుతో మనవాళ్ళకి చాలా పాత లెక్కలున్నాయి. నిమేషం అంటే రెప్పపాటు, మన నిమిషం అందులోంచి వచ్చిందే. రెప్ప వేయరు కాబట్టి దేవతలు అనిమిషులు. స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటే, దమయంతి అసలు నలుణ్ణి ఎలా పోల్చుకుంది? అతనికి చెమట పట్టింది, దండలో పూలు వాడాయి, పాదాలు నేలకి ఆనాయి, కనురెప్పలు పడ్డాయి. మనిషిని పట్టిచ్చిన ఆనవాళ్ళన్నీ అలసిపోయే శరీరానివే. మా ఆఫీసులో ఏసీ వల్ల చెమట పట్టదు, రిసెప్షన్‌లో ప్లాస్టిక్ పూలు వాడవు. దమయంతి ఇక్కడికొస్తే రెప్ప ఒక్కటే ఆధారం, అదీ నిమిషానికి ఏడుసార్లు.

భయపెట్టే మాటలు ముందే పక్కన పెట్టేద్దాం. తెర చూసినందువల్ల పెద్దవాళ్ళకి కళ్ళు పోతాయనడానికి ఆధారం లేదు. దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోపల సిలియరీ కండరం బిగుసుకోవాలి, రెండు కళ్ళూ కొంచెం లోపలికి తిరగాలి. గంటలకొద్దీ అలాగే ఉంటే మంట, మసక, తలనొప్పి. చూపు దూరానికి వెళ్తే ఆ బిగువు సడలుతుంది, విశ్రాంతి ఇస్తే బాధా తగ్గుతుంది. నీలికాంతిని ఆపుతాయని అమ్మే కళ్ళద్దాల గురించి 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, ఈ అలసట విషయంలో మామూలు అద్దాలకన్నా వాటివల్ల ఒరిగేది బహుశా ఏమీ లేదంది. దుకాణాల్లో ఆ అద్దాల అమ్మకం మాత్రం తగ్గినట్టు లేదు.

నాకు చిక్కు కనిపించేది ఈ "తగ్గుతుంది" అన్న మాట దగ్గరే. తగ్గేది కాబట్టి దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కళ్ళ రక్షణ గురించే ఉండేది. ముక్కలు ఎగిరిపడే పనుల్లో, మితిమీరిన వెలుగు ఉన్నచోట, అడ్డుతెరలో కళ్ళజోళ్ళో ఇవ్వాలని ప్రభుత్వాలు నిబంధన పెట్టే వీలు అందులో ఉండేది. గాయాన్ని చట్టం పోల్చుకోగలిగింది. మచ్చ మిగలని అలసటని పోల్చుకోవడం కష్టం. సాయంత్రం ఎర్రబడ్డ కన్ను పొద్దున్నకి తెల్లబడితే ఇక ఫిర్యాదు దేనిమీద?

అందుకని దీనికి చట్టం బదులు సలహా దొరికింది. ప్రతి 20 నిమిషాలకీ, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడండి. మంచి సలహానే, నేనూ పాటించడానికి చూస్తుంటాను. కానీ రెప్పలు వేయడం తగ్గించుకుందామని ఎవరూ అనుకుని కూర్చోరు. శ్రద్ధ పెరిగేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. పనిలో మునగడానికి జీతమిచ్చి, మునిగినవాణ్ణి ఇరవై నిమిషాలకోసారి తనంతట తానే పైకి తేలమనడంలో ఏదో తిరకాసుంది. కళ్ళు మండుతున్నాయని చెప్పి చూడండి. "బ్రేక్ తీసుకోవడం లేదా?" అని అడుగుతారు. డెడ్‌లైన్ ఎవరు పెట్టారని అడగరు.

గొడవ కొత్తదేం కాదు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి 1700లో పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు రామజ్జీని, సన్నపని చేసేవాళ్ళ కళ్ళ గురించి కూడా రాశాడు. మధ్యమధ్య పని ఆపి చూపు మరల్చమన్నదే ఆయన సలహా. మూడొందల ఏళ్ళలో మనం దానికి మూడు ఇరవైలు తగిలించాం.

మన దగ్గర నరసాపురం లేసు సంగతి చూడండి. 1982లో మరియా మీస్ ఆ లేసు అల్లే ఆడవాళ్ళ మీద ఒక పుస్తకం ప్రచురించింది. వాళ్ళు అల్లింది విదేశాలకి పోతుంది. వాళ్ళని మాత్రం కార్మికులనరు, ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులంటారు. చేసేదాన్ని పని అనరు, తీరికవేళ కాలక్షేపం అంటారు. ఆ పేర్ల చాటునే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదన. సన్నటి దారం, క్రోషా సూది, గంటలతరబడి వంచిన తల. తీరిక అని పేరు పెట్టిన పనిలో కళ్ళు అలసిపోతే ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

ఐరోపావాళ్ళు 1990లో ఒక ఆదేశం తెచ్చారు. తెర ముందు పని విరామాలతోనో, వేరే పనితోనో మధ్యలో తెగేలా యజమాని ఏర్పాటు చేయాలి. కంటి పరీక్ష ఉద్యోగి హక్కు. ఆ పనికోసమే ప్రత్యేకంగా కళ్ళద్దాలు కావాల్సొస్తే ఖర్చు ఉద్యోగి మీద పడకూడదు. అక్కడ అంతా సవ్యంగా జరిగిపోతోందని చెప్పను. కానీ వాక్యంలో కర్త మారాడు. మన గోడల మీది పోస్టర్లలో "మీరు చూపు మరల్చండి", అక్కడ "యజమాని ఏర్పాటు చేయాలి". ఇందులో నీతి ప్రశ్న ఏదైనా ఉంటే ఆ కర్త దగ్గరే ఉందనిపిస్తుంది నాకు.

పని తనంతట తాను ఆగే చోట్లు ఒకప్పుడు పనిలోనే ఉండేవి. నాడెలో కండె అయిపోతే నేతగాడు ఆగి మార్చాల్సిందే, పోగు తెగితే ఆగి అతకాల్సిందే. దాన్ని విశ్రాంతి అనలేం గానీ చేతులూ చూపూ కదిలేవి. మా వృత్తిలోనూ కంపైల్ పెట్టి టీకి వెళ్ళొచ్చే రోజులుండేవని సీనియర్లు చెప్తారు. ప్రింటవుట్ కోసం లేవడం, పక్క వరసలో ఉన్నవాణ్ణి ఏదో అడగడానికి నడిచివెళ్ళడం ఉండేవి. వీటికి వృథా అని పేరుపెట్టి ఒక్కొక్కటే తీసేయడాన్నే మా రంగం ప్రగతి అంటుంది. పేజీ చివర కూడా ఒక ఆగే చోటే. దాన్ని చెరిపేసే అంతులేని స్క్రోల్‌ని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. ఇప్పుడు విరామం గుర్తుచేసే యాప్‌లు వచ్చాయి. తీసేసిన ఖాళీనే తిరిగి మనకి అమ్ముతున్నారు, అదీ తెర మీదే.

ఏసీలో కూర్చుని లక్షలు తీసుకునేవాళ్ళ కంటిమంట కూడా నీతి సమస్యేనా అని ఒక మిత్రుడు ఎద్దేవా చేశాడు. న్యాయమైన ప్రశ్నే. నేను చుక్కల మందు కొనుక్కోగలను, మరీ కష్టమైతే లేచి బాల్కనీలోకి వెళ్ళగలను. రాత్రి పదకొండింటికి రీల్స్ చూస్తూ కళ్ళు నులుముకుంటే దానికి యజమానిని అనను కూడా. మరి అంగన్‌వాడీ టీచరు? పిల్లల బరువులూ ఎత్తులూ ఫోన్ యాప్‌లో ఎక్కించడం ఇప్పుడు ఆవిడ పనిలో భాగం. నలభై దాటాక చత్వారం దాదాపు అందరికీ వచ్చేదే. మా ఊళ్ళో ఆ వయసావిడ ఒకరు, ఫోను చేయి చాచినంత దూరం పెట్టి, కళ్ళు చికిలించి అంకెలు నొక్కుతుంటే చూశాను. ఆ యాప్ తయారుచేసేటప్పుడు సర్వర్లకి ఎంతవుతుందో ఎవరో లెక్కేసే ఉంటారు. చదవాల్సిన కళ్ళకి అద్దాలు ఎవరు కొంటారని ఎవరైనా అడిగారా? లేచివెళ్ళే వీలున్నవాడికి ఇరవైల సూత్రం సలహా. ఆ వీలు లేనివాళ్ళకి అది వట్టి అక్షింతలు.

ఈమధ్య మా టీమ్‌లో ఒకామె ప్లానింగ్ మీటింగులో, గంటకి 50 నిమిషాలే పనిగా లెక్కేసుకుందాం, మిగతా పది కళ్ళకి వదిలేద్దాం అంది. ఎవరూ నవ్వలేదు. మేనేజరు మంచివాడే. టైమ్‌షీట్ తెరిచి, ఆ పది నిమిషాల్ని ఏ బిల్లింగ్ కోడ్ కింద వేయాలని అడిగాడు. ప్రాజెక్టు కోడ్ కింద వేస్తే క్లయింటు ఒప్పుకోడు. ట్రైనింగ్ కింద కుదరదు. సెలవు కింద వేస్తే ఆమె సెలవులే తరుగుతాయి. కొత్త కోడ్ ఏమైనా ఇస్తారేమో పైవాళ్ళని అడిగి చూస్తానన్నాడు. మూడు వారాలైంది.