గాలికి వాటా ఎంత?

పందెంలో ముందొచ్చినవాడిదే గెలుపు. వాతావరణం అడ్డం తిరిగేదాకా ఈ మాటను ఎవరూ ప్రశ్నించరు. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జోరువానలో, ఎముకలు కొరికే చలిలో, మొహాన కొట్టే ఈదురుగాలిలో జరిగింది. పేరున్న రన్నర్లు పలువురు మధ్యలోనే తప్పుకున్నారు. అంతకుముందు ఏడాది గెలిచిన కెన్యా రన్నర్ జెఫ్రీ కిరుయి ముందంజలో ఉండి కూడా ఆఖర్లో డీలాపడ్డాడు. అతన్ని దాటి 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గీత చేరినవాడు యూకీ కవౌచి, అప్పట్లో జపాన్‌లో ఒక ప్రభుత్వ బడి గుమాస్తా. అసలు సత్తా గాలివానలోనే తేలిందని కొందరన్నారు. వాన కలిసొచ్చి గట్టెక్కాడని మరికొందరన్నారు. రెండు మాటలూ నాకు సమ్మతం కావు. ఫలాన్ని మొత్తంగా ఒక్కరి ఖాతాలోనే రాయాలన్న పట్టుదల రెండింటిలోనూ ఉంది.

భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం కర్మకు ఐదు కారణాలు చెబుతుంది: శరీరం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. దైవమంటే ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలని శంకరులు, అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. ఎలా చెప్పుకున్నా అది కర్త గుప్పిట్లో లేనిదే. దాన్ని రోడ్డు మీది గాలికి అన్వయించడం నా చొరవ, వ్యాఖ్యాతలది కాదు. మంచి పనికైనా చెడ్డ పనికైనా ఈ ఐదే కారణాలని తర్వాతి శ్లోకం అంటుంది. మనం మరిచేది ఇక్కడే. 2011లో ఇదే హాప్‌కింటన్–బోస్టన్ దారిలో, గాలి వీపున తోస్తుండగా, మరో రన్నర్ జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగు ముగించాడు. మారథాన్‌లో అప్పటికి అదే అందరికన్నా వేగం. అయినా ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు. బయల్దేరే చోటు, చేరే చోటు మరీ దూరంగా ఉన్నా, దారి మరీ పల్లంగా దిగినా రికార్డు చెల్లదని నిబంధన. ఒకే దిక్కుకు సాగే దారిలో గాలి చేసే సాయాన్ని నిబంధనలు రాసినవాళ్లు ఒప్పుకున్నట్టే కదా. మనం మాత్రం ఎదురుగాలినే దైవమంటాం. వీపున వీచిన గాలిని కష్టార్జితంలో కలిపేసుకుంటాం.

అన్నిటికీ దైవం ఉంటే సాధన ఎందుకని అడగొచ్చు. ఐదింట్లో ఒకటన్నంత మాత్రాన మిగతా నాలుగూ కొట్టివేత కావు. 2018 జనవరి 1న మసాచుసెట్స్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో, గడ్డకట్టే చలిలో కవౌచి ఒక మారథాన్ పరుగెత్తాడు, పూర్తిచేసింది అతనొక్కడే. అలాంటి చేష్ట వెనకున్నవాడికి ఏప్రిల్ వాన పడిన తీరు వేరు. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది: ఈ లెక్కన నిర్వాహకులూ నెపాన్ని దైవం మీదికి నెట్టేయవచ్చు కదా? 2021 మే 22న చైనాలోని గన్సులో 100 కిలోమీటర్ల కొండదారి పందెంలో వడగళ్లు, చలివాన, పెనుగాలి ముంచెత్తి 21 మంది చనిపోయారు. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ వెచ్చని జాకెట్ తప్పనిసరి చేయడం, పందెం వాయిదా వేయడం మనుషుల చేతిలోవే. సాధనాలూ చేష్టలూ లోపించిన చోట ఐదోదాన్ని సాక్షిగా పిలిస్తే ఆ సాక్ష్యం చెల్లదు.

తానొక్కడే కర్తననుకునేవాడికి ఉన్నది కనబడదని 16వ శ్లోకం. 2018 బోస్టన్ పందెంలోనే అమెరికా రన్నర్ డెస్ లిండెన్ మొదట్లోనే తప్పుకుందామనుకుంది. అందుకే తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌కు తోడుగా ఉంటానంది. ఆమె బాత్రూమ్‌కు ఆగితే తానూ వేగం తగ్గించి, గుంపును కలుసుకోవడానికి సాయపడింది. చివరికి 1985 తర్వాత ఆ పందెం గెలిచిన తొలి అమెరికా మహిళ అయింది. గెలవాలన్న పట్టు సడలిన వేళ మొదలైన ఈ గెలుపులో ఓర్పు పాలెంత, స్నేహం పాలెంత, వాన పాలెంత అని వేరుచేయబోతే లెక్క తేలదు. కిరుయి ఓటమిని లెక్కగట్టబోయినా అంతే.