మనల్ని మనం ఓర్చుకోవడం

క్యాన్సర్ మాట ఎత్తగానే యుద్ధభాష వచ్చేస్తుంది. శత్రువు, దాడి, సైనిక కణాలు, గెలుపు. ఆ భాష నాకు గొంతు దిగదు. కణితి ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు, మన ఒంట్లోనే పుట్టి దారి తప్పిన కణాల గుంపు. దాన్ని చంపాల్సిన తెల్లరక్తకణాలూ మనవే. పైగా అవన్నీ చంపడానికే వెళ్లవు.

కణితుల్లో తెల్లరక్తకణాలు ఉంటాయని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. అవి అక్కడేం చేస్తున్నాయో తేలడానికి వందేళ్లు దాటింది. మాక్రోఫేజ్ అనే తెల్లరక్తకణం సంగతే తీసుకోండి. దెబ్బ తగిలిన చోట చేరి, చచ్చిన కణాలను మింగి, కొత్త రక్తనాళాలు మొలిపించి, పుండు మాన్పే కణమది. కణితి దగ్గరా చాలాసార్లు అదే పని చేస్తుంది. నాళాలు మొలుస్తాయి, కణితికి తిండి అందుతుంది. దీన్ని ద్రోహం అనడానికి నాకు మనసొప్పదు. దానికి తెలిసిన పని అదే. వచ్చిన పిలుపే తప్పు.

చంపగలిగిన మరో తెల్లరక్తకణం, టి-కణం కథ వేరు. వైద్యులు చాలాకాలం ఒంటి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టాలనే చూశారు. న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ 1891లో రోగి కణితిలోకి ఏకంగా బ్యాక్టీరియానే ఎక్కించాడు. తర్వాత శతాబ్దం చివర్లో జేమ్స్ అలిసన్ అనే శాస్త్రవేత్త మరో వైపు నుంచి ఆలోచించాడు. టి-కణం మీద సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్ ఉంటుంది. అది బ్రేకు. కణాన్ని తోయడం మానేసి, ఆ బ్రేకు పడకుండా అడ్డుకున్నాడు. ఎలుకల్లో కణితులు కరిగిపోయాయి. అటు క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1 అనే ఇంకో బ్రేకును కనిపెట్టింది. 2011లో అమెరికాలో ఇలా బ్రేకును అడ్డుకునే మొదటి మందు అనుమతి పొందింది. 2018లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ మందులు అందరికీ పనిచేయవు. ఖరీదు సంగతి సరేసరి.

నన్ను పట్టుకున్న ప్రశ్న మాత్రం వేరు. ఆ బ్రేకు అసలెందుకుంది? సీటీఎల్ఏ-4 జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. టి-కణాల్లాంటి సొంత తెల్లరక్తకణాలే గుండెలోకి, క్లోమంలోకి చొరబడి పాడుచేశాయి. అంటే మనం బతికున్నది మన కణాలు మనల్ని ఓర్చుకోవడం వల్ల. ఆ ఓర్పుకు కాపలా కాసే రెగ్యులేటరీ టి-కణాల పరిశోధనకే 2025 నోబెల్ దక్కింది. క్యాన్సర్ ఆ ఓర్పు చాటునే పెరుగుతుంది. దాన్ని మన బలహీనత అనగలమా? నేననను. ఓర్పు లేని ఒంట్లో క్యాన్సర్ పుట్టేంత వ్యవధి కూడా ఉండదు.

అందుకే బ్రేకు వదిలినప్పుడు దెబ్బ కణితితో ఆగదు. పేగు వాస్తుంది, థైరాయిడ్ దెబ్బతింటుంది, కీళ్లు పట్టేస్తాయి. అప్పుడు డాక్టరే స్టెరాయిడ్లిచ్చి, తను రేపిన కణాలను తనే అణచాలి.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్లో కొందరికి ఈ చికిత్స నడుస్తుండగా బొల్లి మచ్చలు వస్తాయి. మన ఇళ్లలో పెళ్లి సంబంధాల దగ్గర దాచిపెట్టే మచ్చలే. క్యాన్సర్ వైద్యులకు మాత్రం అవి కాస్త ఆశ కలిగిస్తాయి, ఎందుకంటే ఆ మచ్చలొచ్చిన వాళ్లలో మందు బాగా పనిచేస్తున్న సందర్భాలు ఎక్కువ. మెలనోమా పుట్టేది చర్మానికి రంగునిచ్చే కణాల నుంచే. టి-కణం రెంటినీ ఒకటిగానే చూసింది.