బోర్డు మారిన కంప్యూటరు పాతదా, కొత్తదా?



మన తెలుగువారు స్థిరపడిన పట్టణములలో తెలుగు అక్షరములు కూర్చి ఇచ్చు డి.టి.పి. దుకాణములు చాలచోట్ల ఉన్నవి. పెండ్లి శుభలేఖలు, సంస్మరణ కార్డులు, కరపత్రములు అక్కడనే తయారగుచున్నవి. వాటిలో కొన్నిటియందు నేటికిని పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి పని చేయుచుండును. యజమాని పిసినారితనము దీనికి కారణము కాదు. పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేర్ 2001లో వచ్చిన 7వ రూపముతో ఆగిపోయినది. అందులో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు, యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరచితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడును. ఇరువది ఏండ్ల పని ఆ పాత పెట్టెలో ఉన్నది గనుక దానిని విడువలేరు.

ఇట్టి యంత్రములో ఒకనాడు మదర్‌బోర్డు పోవును. మీట నొక్కితే ఫ్యాను తిరుగును గాని తెర వెలగదు. (బోర్డును నిందించకముందు పవర్ సప్లయి మార్చి చూచుట మంచిది, అనేకసార్లు దోషి అదియే.) పెట్టె విప్పి చూస్తే ప్రాసెసరు ప్రక్కనున్న చిన్న కెపాసిటర్ల తలలు ఉబ్బి యుండును. సుమారు 1999 మొదలు 2007 వరకు తయారైన బోర్డులలో అనేకమునకు ఈ రోగము వచ్చినది. కెపాసిటర్లలో పోసిన ద్రవము నాసిరకమైనది. మరొక బోర్డు తేవలెనంటే అన్నియు కుదరవలెను. 775 సాకెట్ ప్రాసెసరు వేరొక సాకెట్‌లో కూర్చోదు. డిడిఆర్‌2 మెమరీకి గాటు ఒకచోట, డిడిఆర్‌3కి మరొకచోట. గనుక బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచ్చీ వీధిలోనో, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో వెదకి, ఎవరో వాడి విడిచిన బోర్డు తెచ్చి బిగించెదరు.

అప్పుడు అది పాత కంప్యూటరేనా? ఈ ప్రశ్న చాల పాతది. ఏథెన్సు పట్టణస్థులు థీసియస్ అను వీరుని ఓడను కాపాడుచు, పుచ్చిన పలకలు తీసి కొత్త పలకలు వేయుచుండిరని ప్లూటార్కు వ్రాసెను. అది అదే ఓడ అని కొందరు, కాదని కొందరు వాదించిరట. 1655లో హాబ్స్ అను ఇంగ్లీషు తత్త్వవేత్త ఇంకొక చిక్కు పెట్టెను: తీసివేసిన పలకలనే ఒకడు దాచి, వాటితో మరొక ఓడ కట్టితే ఏది అసలు ఓడ?

కంప్యూటరు విషయములో సాఫ్ట్‌వేర్ కంపెనీ తన జవాబు తానే చెప్పుకొన్నది. కంప్యూటరుతో కలిపి అమ్మిన విండోస్ లైసెన్సు మదర్‌బోర్డును అంటియుండునని మైక్రోసాఫ్ట్ నియమము. చెడిపోయిన దాని స్థానములో అదే రకము వేస్తే సరే. మెరుగైనది కావలెనని మార్చితే అది కొత్త కంప్యూటరు. ఖాతాదారుని లెక్క వేరు. అతని పెండ్లి పత్రిక హార్డ్‌డిస్కులో భద్రముగా ఉన్నది గనుక అతనికి అది ఆ పాత పెట్టెయే. యంత్రము కూడ ఒక్కొక్కసారి తన మాట చెప్పును: చిప్‌సెట్ వేరైతే పాత ఎక్స్‌పీ నీలి తెర చూపి ఆగిపోవును, క్రొత్త శరీరమును గుర్తుపట్టనట్లు.

వీరిలో ఒక్కరిదే సత్యమని నేననుకొనను. "అదే వస్తువు" అను మాట మనము ఎవరికి జవాబుదారులమో దానిని బట్టి మారును. అయితే ఇక్కడనే ఒక మోసము దూరుటకు సందు ఉన్నది. ఒకే దుకాణదారుడు ఖాతాదారునితో "అదే మిషనండీ, మీ ఫైలు ఎక్కడికి పోలేదు" అనును. సంవత్సరము తరువాత దానిని అమ్మునప్పుడు కొనువానితో "బోర్డు కొత్తది వేయించానండీ, కొత్త మిషన్ క్రిందే లెక్క" అనును. లైసెన్సు సంగతి ఎవరైన అడిగితే మౌనము. మూడు జవాబులలో ఏదియు పచ్చి అబద్ధము కాదు. కాని ప్రతిసారి జవాబును ఏరినది లాభము. ఈ ముగ్గురు ఒకే సమయమున దుకాణములో కూర్చుండియుంటే అతడేమని చెప్పును? బోర్డు సెకండ్‌హ్యాండ్‌ది, ఫలానా నెలలో వేసితిని, ఫైళ్లు పాత డిస్కువి, విండోస్ ఇట్టిది అని విడివిడిగా చెప్పవలసివచ్చును. అప్పుడు పాతదా కొత్తదా అను మాటయే అవసరముండదు.

"రేకు పెట్టెకు ఇంత విచారమా?" అని కొందరు నవ్వవచ్చును. అది కొనువాడు తరచుగా మొదటిసారి దుకాణము పెట్టుకొను పిల్లవాడు. కొత్తదనుకొని పాత బోర్డు కొని, ఆరు నెలలకు పెండ్లిండ్ల కాలములో అది ఆగిపోతే అడ్వాన్సులు తిరిగి ఇచ్చుకొనువాడు అతడే.

తీసివేసిన బోర్డు సంగతి కూడ ఒకటి ఉన్నది. హాబ్స్ ఊహించిన పలకలు దాచువాడు మన వీధులలో నిజముగానే ఉన్నాడు. ఉబ్బిన కెపాసిటర్లు ఊడదీసి, కొత్తవి టంకము పెట్టి, ఆ బోర్డును మరల బ్రతికించును. అది వేరొక ఊరిలో, వేరొకరి పెట్టెలో కూర్చుండును. అక్కడ కొనువాడును దుకాణదారుని ఇదే ప్రశ్న అడుగును.